తాంబూలం పుచ్చుకున్న పడవ

సాయంత్రం ఎండ కాస్త మెత్తబడగానే నాగలింగం రెండు బిందెలు పట్టుకుని బోరింగు దగ్గరికి బయల్దేరతాడు. ముసునూరు అవతల గంగాధరంగారి మామిడితోటలో, ఓ మూలగా, రేకుల షెడ్డుంది. షెడ్డులో పడవుంది. ఆ పడవలో నీళ్ళు పొయ్యాలి. పడవ నీళ్ళలో ఉండాలిగానీ పడవలో నీళ్ళేమిటని ఎవరికైనా నవ్వొస్తుంది. ఊళ్ళోవాళ్ళూ చాలాకాలం నవ్వారు. “ఏంటి ఆచారిగారూ, పడవకింకా దాహం తీరలేదా?” అని బండి ఆపి మరీ అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళకే విసుగొచ్చి మానేశారు. మానే వీలు లేనివాడు నాగలింగం ఒక్కడే.

మనిషికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. కుడి మోకాలు చెప్పిన మాట వినడం ఎప్పుడో మానేసింది. బోరింగు కొట్టాలంటే ముందు కాసేపు దాని చెయ్యి పట్టుకుని నిలబడతాడు, ఊపిరి సర్దుకోవడానికి. బిందె నింపి, షెడ్డుదాకా మోసి, పడవ అడుగున పరిచిన గోనెపట్టాల మీద సమంగా పోసి, మళ్ళీ వస్తాడు. పక్క చెక్కల మీద కప్పిన గోనెలు కూడా తడపాలి. ఇదంతా ఒక మనిషి కోసం. ఆ మనిషి రెండేళ్ళు దాటినా రాలేదు.

మామిడిపళ్ళ ఊళ్ళ మధ్య పడవలు చేసేవాడేమిటని అడిగితే, దానికి వాళ్ళ తాత జవాబుదారీ. నాగలింగం తాత ఏలూరు కాలవ గట్టున పనిచేసేవాడు. అప్పట్లో కాలవల్లో తెరచాప పడవలు ధాన్యం మోసేవి. గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగేవారు. లారీలొచ్చాక కాలవ పడవల్ని ఎవరూ పిలవలేదు. మిగిలింది కొల్లేరు. కొల్లేటి జాలర్లకి పడవలు కావాలి, టేకు కొనే తాహతు లేదు. మామిడి కర్ర చవక. ముసలి చెట్లు ఎక్కడ దొరుకుతాయంటే నూజివీడు చుట్టుపక్కల. ఇంకొకడైతే నీళ్ళున్నచోటికి వెళ్ళేవాడు. ఈయన కర్ర ఉన్నచోటికి వచ్చి కూర్చున్నాడు. చేసిన పడవని ఎడ్లబండి మీద కొల్లేటికి తోలితే సరిపోతుందనుకున్నాడు. సరిపోయింది కూడా, మూడు తరాలు.

తోటకి వచ్చినవాళ్ళంతా తలెత్తి కాయ కోసం చూస్తే, ఈ ఇంట్లో మగవాళ్ళు కొమ్మ వంపు కోసం చూసేవారు. మోచెయ్యి మడిచినట్టు వంగిన కొమ్మ దొరికితే పడవ లోపల అడ్డకర్రకి కొయ్యక్కర్లేదు, వంచక్కర్లేదు, చెట్టే చేసిపెట్టినట్టు. కాపు తప్పిన చెట్టుని కొట్టించే ముందు రైతులు వాళ్ళకి కబురు పెట్టేవారు. నాగలింగం చెట్టు చుట్టూ తిరిగి, చెయ్యేసి తట్టి, తలూపేవాడు. ఆ తలూపడానికి రైతులు ఎదురుచూసే రోజులవి. ఇవాళ చెబితే అతనికే నమ్మబుద్ధి కాదు.

మామిడి చెక్కతో ఒక తంటా ఉంది. తడిగా ఉన్నన్నాళ్ళూ పలకా పలకా ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎండితే విచ్చుకుంటాయి. ఒకసారి బాగా విచ్చుకుంటే మళ్ళీ ఎంత తడిపినా కలవవు. అదీగాక, నీళ్ళు లేని ఊళ్ళో చేసిన పడవ కారుతుందో లేదో చూడ్డమెలా? తాత దానికో ఉపాయం పెట్టాడు. పడవని దుంగల మీద ఎత్తి, లోపల నీళ్ళు పోసి, బయట కింద చూడ్డం. ఎక్కడ చుక్క కనిపిస్తే అక్కడ బొగ్గుతో గీత పెట్టడం. నీళ్ళు తోడేసి, ఆ సందులో నూలుపోగు దూర్చి, గుగ్గిలం నూనెలో కాచి పొయ్యడం. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ బొగ్గు. ఇలా ఒక్క చుక్క కూడా రాని రోజు వచ్చేదాకా.

ఆ రోజు కొనేవాణ్ణి పిలిపించేవారు. వచ్చినవాడు వంగి, తన అరచెయ్యి పడవ అడుగున ఆ చివర్నుంచి ఈ చివరిదాకా రాసి చూసుకునేవాడు. చెయ్యి పొడిగా ఉంటే, ఆ పొడి చేత్తోనే తమలపాకులూ వక్కా పెట్టి తాంబూలం ఇచ్చేవాడు. డబ్బు మాట పడవ కొల్లేరు తాకాకే. తాంబూలం పుచ్చుకున్నాక పడవ వాడిది. వాడు బండి తెచ్చుకునేదాకా దాన్ని ఎండనివ్వకుండా చూసే బాధ్యత చేసినవాడిది. ఇంకొకడు ఎంత ఆశ చూపినా ఇవ్వకూడదు. కాగితం లేదు, సాక్షి లేడు. కొల్లేటివాళ్ళకీ వీళ్ళకీ మధ్య నడిచింది ఇంతే.

ఒక్కసారి తప్పారు. నాగలింగం తండ్రి, వానలు ముంచుకొస్తున్న తొందరలో, తాంబూలం పుచ్చుకున్న పడవని ఇంకెవరికో ఇచ్చి పంపాడు. అసలువాడికి ఇంకోటి చేసిస్తే సరిపోతుందనుకున్నాడు. మర్నాడే అసలువాడు బండి కట్టుకుని వచ్చాడు. బండిలో భార్య, తల్లి, పడవ ముక్కుకి పూయడానికి పసుపు, కుంకుమ, మెడలో వేయడానికి బంతిపూల దండ. ఖాళీ దుంగల్ని చూసి ఆ ముసలావిడ దండ తీసుకెళ్ళి దుంగ మీద పెట్టి బండెక్కింది. తిడితే బాగుండేది. ఆ దండ ఎండి రాలిపోయేదాకా తండ్రి దాన్ని తియ్యనివ్వలేదు. అప్పటికే బాడిస పట్టి చెక్క చెక్కుతున్న నాగలింగం అదంతా చూశాడు.

తర్వాత కొల్లేరు కొల్లేరుగా ఉండలేదు. గట్లు లేచాయి, చెరువులు తవ్వారు. చేపల్ని వెతుక్కుంటూ పడవేసుకుని పోవాల్సిన చోట చేపలకి సంచుల్తో మేత వేసే రోజులొచ్చాయి. ఆ పనికి ఇనప రేకు పడవలూ, ఫైబర్ తొట్లూ చాలు. వాటికి గుగ్గిలం అక్కర్లేదు, ఎండినా తడిసినా ఒకటే. ఆర్డర్లు ఏడాదికి ఒకటీ అరా అయ్యాయి. నాగలింగం తలుపులూ, మంచాలూ, మామిడికాయల పెట్టెలూ చేసి ఇల్లు నడిపాడు. కొడుకు రాజేష్ విజయవాడలో ప్లైవుడ్ కబోర్డులు చేస్తాడు. మంచి పనివాడే. “మాకు నీళ్ళు తగిల్తే సరుకు పాడైపోద్ది నాన్నా. నువ్వేమో చేతులారా పోస్తావు” అని నవ్వుతాడు. నాగలింగం కూడా నవ్వేవాడు, నవ్వే ఓపికున్నప్పుడు.

అలాంటి రోజుల్లో పెద్దిరాజు వచ్చాడు. కొల్లేటి లంకలో మనిషి. వాళ్ళ నాన్న పడవ నాగలింగం తండ్రి చేసిందే. “నాకూ ఒకటి చెయ్యండి ఆచారిగారూ, చాప కట్టుకునే కొయ్యతో సహా” అన్నాడు. తెరచాప అనగానే నాగలింగానికి పాతికేళ్ళు తగ్గినట్టయింది. ఆ కొయ్య నిలబెట్టే గుంటని ఎంత ముచ్చటగా తొలిచాడో! నీళ్ళు పోసిన రోజున పెద్దిరాజు వచ్చి చెయ్యి రాసి చూసుకున్నాడు. పొడి అరచెయ్యి ఎత్తి చూపించి, “చుక్క పోలేదండీ” అని మురిసిపోయాడు. తాంబూలం చేతిలో పెట్టి, పెద్దింట్లమ్మ జాతర కాగానే ట్రాక్టరు తెస్తానన్నాడు.

జాతర అయింది. మరుసటేటి జాతర కూడా అయింది. ఫోన్ చేస్తే మొదట్లో “వస్తున్నానండీ” అనేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు.

భార్య శేషారత్నం ఊరుకునే మనిషి కాదు. “వాడు రాడు. ఆ సంగతి నీకూ తెలుసు, ఆ పడవకీ తెలుసు” అనేది. ఎండాకాలం బోరింగులో నీళ్ళు అడుగంటితే, “మనుషులకి లేవు మొర్రో అంటుంటే మాను ముక్కకి పోస్తాడంట” అని తిట్టిపోసేది. తిడుతూనే, ఇతను జ్వరంతో లేవలేని రోజుల్లో కొంగు నడుముకి బిగించి తనే వెళ్ళి పోసొచ్చేది. పోసొచ్చానని మాత్రం చెప్పేది కాదు. తడిసిన చీర కుచ్చిళ్ళు చూసి అతను తెలుసుకునేవాడు.

ఇంతలో ఈ ఏడు మామిడికి ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని కాయల్ని చెట్టుకే వదిలేశారు కొందరు. గంగాధరంగారు పాత తోట తీయించి పామాయిల్ వేద్దామనుకున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. స్వయంగా షెడ్డుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, చాలాసేపు ఎండ గురించి మాట్లాడి, చివరికి చెప్పారు.

“మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్నారు. పొమ్మనడానికి నాకూ నోరు రావట్లేదు. వానలు పడేలోపు మొక్కలు పెట్టాలయ్యా. షెడ్డు కూడా తీసెయ్యాలి.”

“అలాగేనండీ” అన్నాడు నాగలింగం. ఇంకేమంటాడు!

మర్నాటి నుంచే రంపం మిషన్లు దిగాయి. ఎలాంటి చెట్లవి! ఒక్క వంపు కోసం జీవితమంతా ఊళ్ళు తిరిగినవాడి కళ్ళముందు, వందల వంపులు లారీల్లోకెక్కి ఇటుకబట్టీలకి పోతున్నాయి. మొదటిరోజు నాగలింగం లేచి వెళ్ళి ఒక కొమ్మని చేత్తో తడిమి, “దీన్ని ముక్కలు చెయ్యకండి బాబూ” అనబోయాడు. దాన్నేం చేసుకుంటాడు? తిరిగొచ్చి కూర్చున్నాడు. రెండోరోజు నుంచి అటు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ చెట్లు కొట్టడం చూడ్డానికొచ్చిన వాళ్ళలో రాజీవ్ అనే కుర్రాడు షెడ్డులోకి తొంగిచూశాడు. ఏలూరు రోడ్డులో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకి మేనేజరు. పడవని చూడగానే ఫోన్ తీసి చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు.

“బాబాయ్, ఇది మాకిచ్చెయ్. ఎంట్రన్సులో పెడతాం. ఐస్ పోసి, పైన మామిడిపళ్ళూ కూల్‌డ్రింకులూ పేరుస్తాం. పెళ్ళివాళ్ళు పడి చచ్చిపోతారు.”

“ఇచ్చేది కాదు బాబూ. వేరే వాళ్ళది.”

“ఎవరిది?”

నాగలింగం చెప్పాడు. రాజీవ్ మర్యాదగానే విన్నాడు. “రెండేళ్ళ నుంచి రానివాడు ఇప్పుడొస్తాడా బాబాయ్? షెడ్డు తీసేస్తే దీన్నెక్కడ పెడతావు?” అన్నాడు.

ఇంటి ముందు సందులో ఆటో తిరగదు, పడవెక్కడ పడుతుంది? ఎండలో వదిలేస్తే వారం తిరక్కుండా పలకలు నోళ్ళు తెరుస్తాయి. ఇవ్వాలంటే పెద్దిరాజు తాంబూలం వెనక్కి తీసుకోవాలి. నాగలింగానికి అలసటగా ఉంది. మోకాళ్ళ అలసట కాదు. ఒకడి మాట తను ఒక్కడే మొయ్యడంలో ఉండే అలసట. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, “రేపు కొల్లేటికి పోయొస్తా” అన్నాడు. శేషారత్నం కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. “బస్సులో కిటికీ పక్కన కూర్చో” అంది.

ఏలూరు వెళ్ళి, కైకలూరు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఆటోలో లంకకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఒకప్పుడు బండి దిగగానే నీళ్ళూ, ఆకాశమూ తప్ప ఏమీ కనిపించని చోటు. ఇప్పుడు గట్టు వెనక గట్టు. పెద్దిరాజు ఒక చెరువు దగ్గర కాపలా మనిషిగా ఉన్నాడని చెప్పారు. నాగలింగం గట్టెక్కేసరికి అతను ఫైబర్ తొట్టిలో నిలబడి, తాడు పట్టుకుని లాక్కుంటూ, మేత సంచి విప్పుతున్నాడు. ముసలాయన్ని చూసి గుర్తుపట్టాడు. సంచి అక్కడే వదిలేసి గట్టుకొచ్చాడుగానీ, మొహం ఎత్తలేకపోయాడు.

“నన్ను తిట్టండి ఆచారిగారూ.”

“తిట్టడానికి ఇంత దూరం రాలేనురా. మోకాలు నొప్పి.”

ఇద్దరూ మోటారు షెడ్డు నీడలో కూర్చున్నారు. పెద్దిరాజు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. వాళ్ళు వలేసుకునే చోటుకి కూడా గట్టు పడింది. పడవ తెచ్చినా దించే జాగా లేదు. ఆ మాట ఫోన్‌లో చెప్పలేకపోయాడు.

“ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నానండీ. ఆ తర్వాత... అది ఈపాటికి ఎండి విచ్చుకుపోయుంటుందిలే, ఇక చెప్పేదేముంది అని సరిపెట్టుకున్నాను.”

“ఎందుకు విచ్చుకుంటుంది?”

పెద్దిరాజు తల తిప్పి చూశాడు. “అంటే... ఇంకా నీళ్ళు పోస్తన్నారా అండీ?”

“నిన్న సాయంత్రం కూడా పోశాను. ఇవాళ మా ఆవిడ పోస్తది.”

పెద్దిరాజు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. మేత దుమ్ము అంటిన చేతుల్తో మొహం తుడుచుకున్నాడు. నాగలింగానికి కోపం రావాల్సింది. దారంతా దాన్నే సిద్ధం చేసుకుంటూ వచ్చాడు. తీరా చూస్తే కోపానికి కూడా ఓపిక మిగల్లేదు. పక్కన కూర్చున్నవాడు తనకంటే ఎక్కువ పోగొట్టుకున్నాడని మాత్రం తెలుస్తోంది. తోట పోవడం, షెడ్డు పోవడం, ఫంక్షన్ హాలు కుర్రాడు, అన్నీ చెప్పాడు. ఐస్ సంగతి చెప్పడానికి మాత్రం మొహమాటపడ్డాడు. చివరికి అదీ చెప్పాడు.

“చాప కట్టే కొయ్య కూడా ఉందిగా అండీ దానికి” అన్నాడు పెద్దిరాజు. మళ్ళీ అన్నాడు, “మా నాన్నుంటే ఏవనేవాడో.”

లేచి వెళ్ళి కిళ్ళీకొట్టు నుంచి తమలపాకులూ వక్కా తెచ్చాడు. నాగలింగం అప్పటి తాంబూలానికి బదులుగా ఇంటి నుంచి తను తెచ్చిన తాంబూలం తీసి ముందు అతని చేతిలో పెట్టాడు. పెద్దిరాజు దాన్ని పుచ్చుకుని, తను తెచ్చింది ముసలాయన చేతిలో పెట్టి, “నాది కాదింక. ఎవరికైనా ఇచ్చెయ్యండి” అన్నాడు. ఇలా వెనక్కిచ్చుకోవడం ఎవరూ చూసి ఎరగరు. ఎలా చెయ్యాలో ఇద్దరికీ తెలీదు. తోచినట్టు చేశారు. ఆటో దాకా వచ్చి, “ఒకసారొచ్చి చూస్తానండీ” అన్నాడు పెద్దిరాజు. అతను రాడని ఇద్దరికీ తెలుసు. తిరుగు బస్సులో నాగలింగం కిటికీ పక్కనే కూర్చున్నాడు, దారంతా నిద్రపోయాడు.

వారంలో రాజీవ్ మనుషుల్నీ, ట్రాలీ కట్టిన ట్రాక్టరునీ తీసుకొచ్చాడు. అప్పటికి తోటలో మొదళ్ళు తప్ప ఏమీ లేవు. షెడ్డు మీద ఎన్నడూ పడనంత ఎండ పడుతోంది. నాగలింగం పొద్దున్నే పడవలో నీళ్ళు తోడేసి, గోనెలు తీసి, గుడ్డతో లోపలంతా తుడిచి పెట్టాడు. పంపేటప్పుడు అలా తుడవడం అలవాటు. శేషారత్నం ఎవరూ అడక్కుండానే ముక్కుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది.

“బాబాయ్, ఒక్క పని” అన్నాడు రాజీవ్. “అడుగున ఒక హోల్ పెట్టివ్వాలి. ఐస్ కరిగితే నీళ్ళు నిలవుంటాయిగా. మా ఎలక్ట్రీషియన్‌కి చెప్తే చెక్క పగలగొడతాడేమోనని భయం. నువ్వైతే నీట్‌గా పెడతావు.”

పాపం ఆ కుర్రాడు తప్పేమన్నాడు? అడగాల్సింది అడిగాడు, అడగాల్సినవాణ్ణే అడిగాడు. శేషారత్నం భర్త వైపు చూసి, “వద్దంటే వద్దని చెప్పు” అంది. నాగలింగం వద్దనడానికి లేదన్నట్టు ఆమెకి అడ్డంగా తలూపి, సంచీలోంచి చెక్కకి బెజ్జం పెట్టే బర్మా తీశాడు. ఇంకొకడు పెడితే అంచు చిట్లుతుంది. చిట్లిన చోట చెక్క పాడవుతుంది.

పడవలోకి దిగి, గొంతుకూర్చుని, అడుగు పలక మధ్యలో చోటు చూసుకున్నాడు. బర్మా నిలబెట్టి తిప్పాడు. రెండేళ్ళు నీళ్ళు తాగిన చెక్క. పొట్టు రాలలేదు, తడితడిగా చుట్టలు చుట్టుకుని పైకొచ్చింది. పచ్చి మామిడి వాసన వేసింది. కింద వెలుతురు కనిపించేదాకా తిప్పి, ఉలితో అంచు నున్నగా చేసి, దిగాడు.

దిగి, అలవాటు కొద్దీ, “ఓ బిందె నీళ్ళు తే” అన్నాడు.

శేషారత్నం తెచ్చింది. ఇద్దరూ కలిసి ఎత్తి పడవలో పోశారు. నాగలింగం ఒక చెయ్యి దుంగకి ఆనించి, నొప్పిని పంటి బిగువున పట్టి మోకాలు వంచి, కిందకి వంగి, తాత చూసినట్టూ తండ్రి చూసినట్టూ అడుగున అరచెయ్యి పెట్టాడు. ధార నేరుగా చేతిలో పడింది. చెయ్యి నిండి, మణికట్టు మీదుగా, చొక్కా చేతిలోకి పోయింది.

రాజీవ్ వంగి లోపలికీ, కిందికీ చూశాడు.

“సూపర్ బాబాయ్! లోపల చుక్క కూడా మిగల్లేదు.”

“మిగలదు బాబూ” అన్నాడు నాగలింగం. వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు. శేషారత్నం బిందె కింద పెట్టి, అతని తడిచెయ్యి తన కొంగుతో తుడిచి, లేపి నిలబెట్టింది.